ఇంజను హెడ్డు: పోత ఇనుమా? అల్యూమినియమా?



ఈ పూట ఎరువులను గురించి గాని, తెగుళ్ళను గురించి గాని నేను మాట్లాడబోవడం లేదు. నీళ్ళ ఇంజనును గురించి, అందులోనూ ఆ ఇంజను నెత్తిన కూర్చుండే హెడ్డును గురించి నాలుగు మాటలు మనవి చేయదలచాను. "పైరు చూడవలసిన ఆఫీసరుకు ఈ ఇనుప సామాను గొడవ ఎందుకయ్యా?" అని మీలో కొందరైనా అనుకొంటారు. నిజమే. నేను వ్యవసాయ పాలిటెక్నిక్కులో డిప్లొమా చదివినవాడినే గాని ఇంజనీరును కాను. అయితే వరి పొట్ట మీద ఉన్నప్పుడు ఇంజను ఆగిపోయిందంటే మీరు మొదట వెదికేది మెకానిక్కును. అతడు దొరకకపోతే మా ఆఫీసు గుమ్మం ఎక్కుతారు. అట్లా ఎక్కిన ఒక పెద్దాయనకు నేను తప్పు సలహా చెప్పి నష్టం కలిగించాను. ఆ సంగతి కూడా దాచకుండా చెబుతాను, కాస్త ఓపిక పట్టండి.

2004లో ఉచిత విద్యుత్తు వచ్చిన తరువాత మన బావుల మీద, బోర్ల మీద ఆయిలు ఇంజన్లు చాలావరకు మూలపడ్డాయి. అయినా ఇంజను అవసరం తీరిపోలేదు. కరెంటు స్తంభం చేరని కాలువ శివారు భూముల్లో, మురుగు కాలువ నుండి నీరు ఎత్తి పోసుకొనే డెల్టా మెరకల్లో, చేపల చెరువుల గట్ల మీద ఇప్పటికీ ఇంజనే దిక్కు. దీనికి తోడు వీపున మోసే పవరు స్ప్రేయర్లు, కలుపు తీసే చిన్న యంత్రాలు, ఇద్దరు మనుషులు పట్టుకొని పోయే పెట్రోలు పంపులు పల్లెల్లోకి వచ్చాయి. కొత్తగా ఇంజను కొనబోయే రైతు మమ్మల్ని అడిగే ప్రశ్నలలో ఇదొకటి: "హెడ్డు ఇనుముది మంచిదా, అల్యూమినియంది మంచిదా?" దీనికి ఒక్క ముక్కలో జవాబు లేదు. ఇంజను ఒకచోట పాతుకొని ఉంటుందా, మనిషి మోయాలా? దానికి పట్టే నీరు ఎటువంటిది? అది నడుస్తుండగా దగ్గర ఎవరుంటారు? ఈ మూడూ తెలిస్తే గాని చెప్పడానికి వీలులేదు.

హెడ్డు అంటే సిలిండరుకు మూత. మూతే గదా అని తేలిక చేయరాదు. సిలిండరులో మంట పుట్టేది ఈ మూత క్రిందనే. గాలి లోనికి వచ్చే వాల్వు, పొగ బయటకు పోయే వాల్వు, డీజిలు చిమ్మే నాజిలు, పెట్రోలు ఇంజనయితే ప్లగ్గు, ఇవి సాధారణంగా ఈ మూతలోనే అమర్చి ఉంటాయి. నిమిషానికి 1500 చుట్లు తిరిగే నాలుగు స్ట్రోకుల ఇంజనులో ఒక్క నిమిషానికి 750 సార్లు ఈ మూత క్రింద మంట లేస్తుంది. 650 చుట్లు తిరిగే పాత నెమ్మది ఇంజనులో 325 సార్లు. ఇంత వేడినీ, ఇంత ఒత్తిడినీ తట్టుకొని, ఆ వేడిని నీటికో గాలికో అప్పగించడం హెడ్డు పని. అందులో తేడా వచ్చిందా, ముందు కాలేది హెడ్డుకూ సిలిండరుకూ మధ్యనున్న ప్యాకింగు. ఆ తరువాత వంగేదో, పగిలేదో హెడ్డే.

ఇక లోహాల సంగతి. పోత ఇనుమును మన మెకానిక్కులు బీడు అంటారు. అల్యూమినియాన్ని మన ఇళ్ళల్లో సత్తు అంటారు. ఈ రెంటి గుణాలూ నాకంటె మా అమ్మకు బాగా తెలుసు. సత్తు గిన్నె పొయ్యి మీద పెట్టగానే కాగుతుంది, దించగానే చల్లారుతుంది. బీడు పెనం కాగడానికి ఆలస్యం. కాగిన తరువాత పొయ్యి ఆర్పినా ఇంకొక అట్టు కాలుతుంది. సత్తు గిన్నెను ఖాళీగా మంట మీద మరచిపోతే అడుగు వంకర తిరుగుతుంది. బీడు పెనం వంగదు గాని, బాగా కాగిన పెనం మీద చెంబెడు చన్నీళ్ళు గుమ్మరిస్తే ఫట్టున పగులుతుంది. సత్తు గిన్నెలో చింతపండు పులుసు రాత్రంతా ఉంచితే లోపల చుక్కలు చుక్కలుగా తింటుంది. ఇంజను హెడ్డు విషయంలోనూ సరిగ్గా ఇవే గుణాలు, ఇవే అవగుణాలు.

లెక్కలు కావలసిన వారికి కొన్ని లెక్కలు. ఒక ఘన సెంటీమీటరు పోత ఇనుము 7 గ్రాములకు పైగా తూగుతుంది. అంతే అల్యూమినియం 2.7 గ్రాములు. అయితే అల్యూమినియం మెత్తనిది గనుక గోడలు మందంగా పోస్తారు. అందుచేత హెడ్డు మొత్తం తూచి చూస్తే ఇనుప హెడ్డులో సుమారు సగం అనుకోవచ్చు. వేడిని ఒకచోటి నుండి మరొక చోటికి చేరవేయడంలో అల్యూమినియం పోత ఇనుముకంటె సుమారు మూడు రెట్లు చురుకు. కాని పోత ఇనుము 1150 డిగ్రీల సెంటిగ్రేడు ప్రాంతానికి గాని కరగదు, స్వచ్ఛమైన అల్యూమినియం 660 డిగ్రీలకే కరుగుతుంది. కరగడం దాకా పోనక్కరలేదు. 200 డిగ్రీలు దాటినప్పటి నుండే అల్యూమినియం పోతకు బలం తగ్గుతూ వస్తుంది.

వేడికి సాగడం మరొకటి. ఇదే చాలామంది గమనించనిది. జానెడు పొడవు, అంటే 200 మిల్లీమీటర్ల హెడ్డు ఒకటి అనుకోండి. ఇంజను చల్లగా ఉన్నప్పటికంటె 80 డిగ్రీలు వేడెక్కితే ఇనుప హెడ్డు పొడవులో సుమారు 0.18 మిల్లీమీటరు పెరుగుతుంది. అల్యూమినియం హెడ్డు 0.35 పెరుగుతుంది. క్రింద సిలిండరు ఇనుముదై, పైన హెడ్డు అల్యూమినియందైతే, ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ సాగి, మధ్యనున్న ప్యాకింగును రుద్దుతాయి. ఇంజను వేసినప్పుడల్లా ఒకసారి, ఆపి చల్లారినప్పుడల్లా ఒకసారి. రెండు కాగితాల మందమే గదా అని మీరనవచ్చు. రోజుకు రెండుసార్లు చొప్పున ఒక సీజనంతా రుద్దితే ఆ ప్యాకింగు ఏమవుతుందో ఆలోచించండి. కంపెనీవారు ఇది తెలియక చేసినది కాదు, అందుకు తగిన ప్యాకింగునే వారు ఇస్తారు. బజారులో దొరికిన మామూలు ప్యాకింగును కత్తిరించి వేయడం వల్లనే చిక్కు వచ్చేది.

ఇప్పుడు పొలం దగ్గరకు వద్దాం. డెల్టాలో మన ఇంజన్లకు నీరు పట్టే పద్ధతి మీకు తెలియనిది కాదు. పంపు డెలివరీ గొట్టానికి సన్నని రబ్బరు ట్యూబు తగిలించి, ఆ నీటిని ఇంజను చుట్టూ త్రిప్పి బయటికి వదులుతాము. రేడియేటరు లేదు, డ్రమ్ము లేదు, ఖర్చు లేదు. చక్కని ఏర్పాటే. కాని ఇందులో ఒక లొసుగు ఉన్నది. ఫుట్‌వాల్వు దగ్గర గుర్రపుడెక్క ముక్కో, ప్లాస్టిక్ సంచో అడ్డుపడి పంపు నీరు వదిలేసిందనుకోండి. పంపుకు నీరు లేదు గనుక ఇంజనుకూ నీరు లేదు. భారం తగ్గిందని గవర్నరు డీజిలు తగ్గిస్తుంది, నిజమే. అయినా లోపల మిగిలిన నీరు కాసేపటికి మరిగి ఆవిరైపోతుంది. ఇంతకంటె చెడ్డది ఆ సన్నని ట్యూబే నాచుతో పూడిపోవడం. అప్పుడు పంపు నిండుగా పోస్తూనే ఉంటుంది, ఇంజను పూర్తి భారం మీద ఉంటుంది, దానికి మాత్రం చుక్క నీరు ఉండదు. దూరం నుండి చూచినవారికి అంతా సవ్యంగానే కనబడుతుంది. రైతు తెల్లవారుజామున లేచి వచ్చినవాడు, గట్టు మీద తుమ్మచెట్టు నీడన కాస్త నడుము వాల్చాడు. ఆ గంట నిద్ర చాలు.

అటువంటి గంట తరువాత ఇనుప హెడ్డుకు ఒక అవకాశం ఉంటుంది. ఇంజను ఆపి, దాని జోలికి పోకుండా గంటో రెండు గంటలో చల్లారనిస్తే, చాలాసార్లు మళ్ళీ పనిచేస్తుంది. ఆ కంగారులో ట్యూబు సరిచేసి చన్నీళ్ళు ఒక్కసారిగా ఎక్కించారా, రెండు వాల్వుల సీట్ల నడుమ సన్నని చీలిక ఇస్తుంది. అంటే ఇనుప హెడ్డును చాలాసార్లు చంపేది వేడి కాదు, తరువాత పోసే చన్నీళ్ళు. అల్యూమినియం హెడ్డుకు ఆ అవకాశం తక్కువ. చన్నీళ్ళు పోయకపోయినా అది వంగుతుంది, లేదా వాల్వు సీటు రింగు వదులవుతుంది. కాబట్టి నీరు లేకుండా నడిచిన అల్యూమినియం హెడ్డును విప్పి చూడకుండా మళ్ళీ నడపరాదు.

విప్పి ఏమి చూడాలి అంటారా? హెడ్డు అడుగు భాగం శుభ్రం చేసి, వంకర లేని ఉక్కు స్కేలు అంచును దాని మీద నిలబెట్టి, క్రిందుగా ఫీలరు గేజి రేకు దూర్చి చూడాలి. నిలువు, అడ్డం, రెండు మూలలకూ చూడాలి. 0.05 మిల్లీమీటరు రేకు దూరకపోతే మంచిదే. చిన్న ఇంజన్లలో 0.10 రేకు దూరిందంటే లేతు షాపులో అడుగు చదును చేయించవలసిందే. చదును చేయించేటప్పుడు ఎంత తీశారో అడిగి వ్రాసి పెట్టుకోండి. డీజిలు ఇంజనులో పిస్టనుకూ వాల్వులకూ మధ్య ఖాళీ బహు కొద్ది. ఎక్కువ తీయిస్తే వాల్వు పిస్టనును తాకుతుంది. ఆ చప్పుడు ఒకసారి విన్నవారు మరిచిపోరు.

నీటి గుణం గురించి ఒక మాట. సముద్రానికి దగ్గరి శివార్లలో, దివిసీమ వైపు, మురుగు కాలువల్లో ఎండాకాలానికి ఉప్పు తగులుతుంది. రొయ్యల చెరువుల గట్ల మీద సంగతి చెప్పనే అక్కరలేదు. అల్యూమినియం పైన సహజంగా ఒక పలుచని పొర ఏర్పడి దానిని కాపాడుతూ ఉంటుంది. ఉప్పు ఆ పొరను చుక్కలు చుక్కలుగా తొలుస్తుంది. ప్రక్కనే ఇనుముగాని, ఇత్తడిగాని ఉండి, నడుమ ఉప్పు నీరు ఉంటే అల్యూమినియం ఇంకా త్వరగా తినివేయబడుతుంది. రేడియేటరు ఉన్న ఇంజనయితే తుప్పును ఆపే కూలెంటు పోసి ఈ బాధ తప్పించవచ్చు. కాలువ నీరు ఇటు ఎక్కి అటు పోయే మన ఏర్పాటులో కూలెంటు పోయడానికి చోటేది? ఇనుముకు తుప్పు పట్టదా అంటే పడుతుంది. అయితే దాని గోడ మందం, తుప్పు చాలావరకు అంతటా సమంగా తింటుంది, ముందుగానే ఎర్రనీరుగా కనబడి హెచ్చరిస్తుంది. కాబట్టి ఉప్పు తగిలే చోట, కాలువ నీటితో చల్లబరిచే ఇంజనుకు పోత ఇనుప హెడ్డే కొనండి. ఇందులో నాకు సందేహం లేదు.

అయితే అన్నిటికీ ఇనుమేనా? అట్లాకాదు. వీపున మోసే పవరు స్ప్రేయరు మందు పోయకముందే పది పన్నెండు కిలోలు ఉంటుంది. దాని సిలిండరూ హెడ్డూ ఇనుముతో పోస్తే మోసేవాని నడుము విరుగుతుంది. సైకిలు మీదనో మోటారు సైకిలు మీదనో పెట్టుకొని ఒక మడి నుండి మరొక మడికి తీసుకుపోయే చిన్న పెట్రోలు పంపుదీ ఇదే కథ. గాలితో చల్లబడే ఇంజన్లకు అల్యూమినియం బరువు కోసమే గాక వేడి కోసమూ తగినది. నీరు లేదు గనుక వేడి పైనున్న రెక్కలకు త్వరగా పాకాలి. అక్కడ మూడు రెట్ల చురుకుదనం పూర్తిగా అక్కరకు వస్తుంది. పెట్రోలు ఇంజనులో హెడ్డు చల్లగా ఉంటే గుద్దుడు చప్పుడు తగ్గుతుంది, కొంచెం ఎక్కువ కంప్రెషను పెట్టుకోవడానికి వీలవుతుంది. 5 హార్సుపవరు డీజిలు పంపుసెట్టులో ఆ లాభం మనకు కనబడదు. "అల్యూమినియం హెడ్డుతో డీజిలు కలిసి వస్తుంది" అని ఎవరైనా చెబితే నమ్మి డబ్బు పెట్టవద్దు. మన డీజిలు ఎక్కువగా పోయేది కారే ఫుట్‌వాల్వులోనూ, అక్కరలేని వంపులలోనూ, ఇరుకు గొట్టాలలోనూ. ముందు అవి చూసుకోండి.

ఇక నా పొరపాటు.

2018 అక్టోబరు. దసరా రోజులు. మా పరిధిలోని ఒక శివారు గ్రామంలో పెద్దాయన ఒకరు 4 ఎకరాలు సాంబ మసూరి వేశారు. వంతు నీరు చివరి బోదె దాకా రాలేదు. పైరు పొట్ట మీద ఉన్నది, నేల నెర్రె వారుతున్నది. మురుగు కాలువ నుండి తోడుకొందామంటే, ఆయన రెండేళ్ళ క్రిందట కొన్న తేలిక డీజిలు ఇంజను వేడెక్కి, నల్లపొగ వదిలి, పదినిమిషాలకు ఆగిపోతున్నది. మెకానిక్కు పండుగకు అత్తగారి ఊరు వెళ్ళాడు. నేను వెళ్ళాను. హెడ్డు విప్పితే లోపల గోరు మందాన బొగ్గు, పైన రెక్కల నిండా బురదా ఆయిలూ కలిసి గట్టిపడి ఉన్నవి. వేడి పోయే దారి లేదు, అదీ జబ్బు. ఒక సీలతో గీకి, కిరసనాయిలు బ్రష్షుతో కడిగితే సరిపోయే పని.

నేనేమన్నానంటే, "బాబాయి గారూ, కాస్టిక్ సోడా నీళ్ళలో రాత్రంతా నానబెడదాం, పొద్దుటికి అద్దంలా వస్తుంది" అన్నాను. మా పాలిటెక్నిక్కు వర్కుషాపులో ఇనుప సామాను అట్లాగే శుభ్రం చేసేవారు. నేను కళ్ళారా చూసినదే. హెడ్డు మీద దట్టంగా రంగు పూసి ఉండడం వల్ల అది ఏ లోహమో నేను చూసుకోలేదు. ఎత్తినప్పుడు తేలికగా ఉన్నా నాకు స్ఫురించలేదు. డబ్బాలో వేయగానే బుసబుస నురగ లేచింది. "మురికి ఊడుతున్నది" అని సంతోషించాను గూడా. అది మురికి కాదు. కాస్టిక్ సోడా అల్యూమినియాన్ని కరిగిస్తుంది. కరిగేటప్పుడు లేచేది హైడ్రోజను వాయువు, నిప్పు తగిలితే భగ్గుమంటుంది. ఆ డబ్బా వసారాలో, పొయ్యికి పది అడుగుల దూరాన ఉన్నది. ఆ రాత్రి ఏ ప్రమాదమూ జరగలేదు గనుక ఇవాళ మీకు చెప్పగలుగుతున్నాను.

ఉదయం తీసి చూస్తే హెడ్డు బూడిద రంగుగా, గరుకుగా, అడుగంతా తిని ఉన్నది. సైలెన్సరు బిగించే మరలు నోరు తెరిచినవి. వాల్వు గైడు వేలితో కదిలింది. పెద్దాయన మనుమడు, పదేళ్ళ పిల్లవాడు, పాత స్పీకరులోని అయస్కాంతం తెచ్చి దానికి ఆనించి, "తాతయ్యా, ఇది అంటుకోవడం లేదే!" అన్నాడు. ఆ ఒక్క పని ముందు రోజు సాయంకాలం నేను చేసి ఉండవలసింది.

కొత్త హెడ్డు విజయవాడ నుండి రావాలి. పండుగ సెలవులు, నాలుగు రోజులన్నారు. అప్పుడు ఊరిలో ఒకరి గొడ్ల సావిడిలో, గడ్డి మోపుల క్రింద పడి ఉన్న పాత ఇంజను గుర్తుకు వచ్చింది. రెండు పెద్ద చక్రాల నెమ్మది ఇంజను. ఇంగ్లండులో లిస్టరు కంపెనీవారు 1930 ప్రాంతాల తెచ్చిన నమూనా అది. గుజరాతులోని రాజ్‌కోట కర్మాగారాలు అదే నమూనాలో లెక్కలేనన్ని పోసి దేశమంతటికీ పంపాయి. మూడు క్వింటాళ్ళకు పైబడిన బరువు. ఆరుగురం పట్టి ట్రాక్టరు ట్రక్కులోకి ఎక్కించాము. ఎన్నేళ్ళుగా తిరగలేదో వారికే గుర్తు లేదు. వాల్వులు పట్టేసి ఉంటే డీజిలు పోసి సన్నగా తట్టి కదిలించాము, ఆయిలు మార్చాము, డీజిలు పైపులు కడిగాము. దాని బీడు హెడ్డు తుప్పు పట్టి ఎర్రగా ఉన్నది గాని, స్కేలు ఆనించి చూస్తే తల వెంట్రుక సందు లేదు. మరునాడు మధ్యాహ్నం హ్యాండిలు కొడితే మూడోసారికి అందుకొన్నది. డుగ్ డుగ్ మని అది తిరుగుతుంటే నాకు ప్రాణం లేచి వచ్చింది.

పైరు దక్కింది. అయితే మెరకగా ఉన్న మూల పావు ఎకరం మేర నీరు ఆలస్యమై, కోతకు వచ్చేసరికి తాలు గింజలు మిగిలాయి. కొత్త హెడ్డు ఖర్చులో సగం నేనిస్తానంటే పెద్దాయన తీసుకోలేదు. "తెలియనప్పుడు తెలియదను బాబూ, మేమూ ఓ ఆలోచన చేస్తాం" అన్నారు. పిన్నిగారు మాత్రం నాకు కాఫీ ఇస్తూ, "సత్తు గిన్నెలు సోడాతో తోమకూడదని మమ్మల్ని అడిగినా చెప్పేవాళ్ళం గదా" అన్నారు. దానికి నా దగ్గర జవాబు లేదు.

అందుచేత మొదటి మాట: హెడ్డు ఏ లోహమో తెలియకుండా దాని మీద ఏ మందూ పోయవద్దు. అయస్కాంతం ఆనించండి. బోల్టుల మీద కాదు, వాల్వు సీట్ల మీద కాదు. అవి ఉక్కువి, ఇనుమువి అయి ఉంటాయి. పోత గోడ మీద ఆనించాలి. వెండి రంగు చూసి మోసపోకండి, ఇనుముకూ వెండి రంగు పూస్తారు. పాత ఇంజను కొనేటప్పుడు కూడా ఈ పరీక్ష చేయండి. అల్యూమినియం అని తేలితే కాస్టిక్ సోడా గాని, యాసిడు గాని తగలనీయరాదు. కిరసనాయిలు, మెత్తని బ్రష్షు, చెక్క పుల్ల చాలు. ఉక్కు ఉలితో గీకితే అడుగు గీతలు పడి ప్యాకింగు కారుతుంది.

బిగింపు సంగతి రెండు లోహాలకూ ముఖ్యమే గాని, అల్యూమినియానికి ప్రాణంతో సమానం. ఇంజను పూర్తిగా చల్లారిన తరువాతనే హెడ్డు నట్లు విప్పడం, బిగించడం. వేడి మీద హెడ్డు మందంలో కూడా బోల్టులకంటె ఎక్కువ పెరిగి ఉంటుంది. అప్పుడు బిగిస్తే చల్లారాక వదులవుతుంది, వేడి మీద విప్పితే హెడ్డు వంగుతుంది. నడుమ నుండి మొదలుపెట్టి ఎదురెదురు నట్లను కొంచెం కొంచెంగా, మూడు విడతలుగా బిగించాలి. చివరి బిగింపుకు టార్కు పానా వాడి, ఇంజనుతో ఇచ్చిన పుస్తకంలోని అంకెకు ఆపాలి. పానాకు గొట్టం తొడిగి వ్రేలాడే అలవాటు మన మెకానిక్కులలో కొందరికి ఉన్నది. బీడు హెడ్డు దానిని కొంతవరకు సహిస్తుంది. అల్యూమినియం మర ఒకసారి ఊడితే లేతు షాపులో లోపల ఉక్కు చుట్ట వేయించవలసిందే. పెట్రోలు ఇంజనులో ప్లగ్గును మొదట నాలుగు చుట్లు చేతితోనే త్రిప్పండి. చేతికి తిరగకపోతే వంకరగా పట్టిందని అర్థం, పానా పెట్టవద్దు.

పగిలిన హెడ్డును అతికించవచ్చా అని అడుగుతారు. బీడును మామూలు రాడ్డుతో వెల్డింగు చేస్తే అతుకు ప్రక్కనే కొత్త చీలిక వస్తుంది. నికెలు రాడ్డు వాడి, ముందుగా వేడి చేసి, తరువాత బూడిదలో పూడ్చి నెమ్మదిగా చల్లారనిచ్చే పనివాడు దొరికితే చేయించండి. లేకపోతే ఆ డబ్బు కొత్త హెడ్డులో పెట్టండి. అల్యూమినియాన్ని పట్టణాల్లో ఆర్గాను వెల్డింగుతో అతుకుతారు, నేర్పుగలవాడు చేస్తే అతుకు బాగానే నిలుస్తుంది. కాని వెల్డింగు వేడికి ఆ చుట్టుప్రక్కల లోహం మెత్తబడుతుంది, అడుగు తప్పక చదును చేయించాలి. మంట పుట్టే చోట, వాల్వు సీట్ల మధ్య చీలితే మాత్రం రెండింటిలో దేనినీ అతికించి నమ్ముకోకూడదని నా అభిప్రాయం.

ఇంకొకటి. ఇనుప హెడ్డు ఇంజనుకు అల్యూమినియం హెడ్డు, అల్యూమినియం దానికి ఇనుముది మార్చి బిగిస్తామని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. బోల్టు పొడవు, ప్యాకింగు, వాల్వు సందు, కంప్రెషను, అన్నీ ఆ ఒక్క హెడ్డును పట్టి ఏర్పాటు చేసినవి. ఎంచుకోవలసినది ఇంజను కొనేటప్పుడు. కొన్న తరువాత కంపెనీ ఏది ఇచ్చిందో అదే దారి. కొనేముందు ఆ హెడ్డూ, ప్యాకింగూ మీకు దగ్గరి పట్టణంలో నిలవ ఉంటున్నవా అని అడగండి. పొట్ట మీద ఉన్న పైరు నాలుగు రోజులు ఆగదు.

గ్రామాల్లో తిరిగే నా తోటి ఉద్యోగులకు ఒక మనవి. మన సంచిలో భూసార పరీక్ష కాగితాలతో పాటు ఒక చిన్న అయస్కాంతం, ఒక ఉక్కు స్కేలు, ఒక ఫీలరు గేజి ఉంచుకొందాం. మూడూ కలిసి అరకిలో బరువు ఉండవు. నా సంచిలో ఉన్న అయస్కాంతం ఆ పిల్లవాడు ఇచ్చినదే.

ఇప్పుడు వేసవి. కాలువలు కట్టి ఉన్నవి, ఇంజన్లు ఖాళీగా ఉన్నవి. గాలి ఇంజను రెక్కలు కడగడం, నీటి ఇంజను సన్నని ట్యూబు మార్చడం, నట్లు చల్లగా ఉండగా సరిచూడటం, హెడ్డు విప్పవలసి వస్తే కొత్త ప్యాకింగు తెచ్చి సిద్ధంగా ఉంచుకొని విప్పడం ఇప్పుడే చేయండి. ఇంజను నడిచేటప్పుడు బయటికి వచ్చే నీటిలో అప్పుడప్పుడు చేయి పెట్టి చూడండి. గోరువెచ్చగా కూడా లేకపోతే నీరు ఎక్కువ పోతున్నది, కొళాయి కొంచెం తగ్గించండి. చేయి ఒక్క క్షణం మాత్రమే ఓర్చుకొనే వేడి ఉంటే సరిగా ఉన్నది. చేయి పెట్టలేకపోతే వెంటనే ట్యూబు చూడండి. నీరే రావడం లేదంటే ఇంజను ఆపి, పోయి ఆ తుమ్మచెట్టు క్రింద కూర్చోండి. గంట దాకా దానిని ముట్టుకోవద్దు.